నాలుగో ట్యాంకు

గ్లాసులోంచి వెన్న వాసన వస్తోంది. ఇంట్లో చిలికిన వెన్న వాసన కాదు, సినిమా హాల్లో ఇంటర్వెల్ వేళ పాప్‌కార్న్ మెషిన్ చుట్టూ కమ్ముకునే వాసన. గ్లాసులో ఉన్నది మాత్రం పిల్స్‌నర్ బీరు. లేత గడ్డి రంగు, అంచున నిలిచిన తెల్లటి నురగ, అవతల పెట్టిన వేలు కనబడేంత తేట. కంటికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక మైక్రోబ్రూవరీలో, సోమవారం పొద్దున్నే ఈ గ్లాసు నా చేతికొచ్చింది. కుర్చీలు ఇంకా బల్లల మీద బోర్లించే ఉన్నాయి. దాన్ని నడిపేది ఇద్దరు, మేనమామ, మేనల్లుడు. భువనగిరి వైపు గౌడ కుటుంబం వాళ్లది. మామ ఊళ్లో పొలం అమ్మిన డబ్బు పెట్టాడు, పైన బ్యాంకు అప్పు తెచ్చాడు. అల్లుడు మైసూరులో ఆహార సాంకేతిక శాస్త్రం చదివి, బెంగళూరు బ్రూపబ్బుల్లో ఆరేళ్లు బీరు కాచి వచ్చాడు. అంతకుముందు డిగ్రీలో నా విద్యార్థి. నేను మైక్రోబయాలజీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ని.

నాలుగో ట్యాంకులో 1,000 లీటర్లు, 24వ రోజు. శుక్రవారం అమ్మకానికి పెడదామని మామ, పారబోద్దామని అల్లుడు. మైక్రోస్కోపు పట్టుకుని రమ్మన్నారు. నేను స్లైడు తయారు చేసుకుంటున్నంతసేపూ వాళ్ల మధ్య జరిగిన మాటలివి.

మామ: ముందు లెక్క చెప్త, వాసన సంగతి తర్వాత. 1,000 లీటర్లల్ల అడుగు మడ్డికి, పైపులకు, నురగకు పోను 900 లీటర్లు గ్లాసుల పడ్తదనుకో. 330 మిల్లీ గ్లాసులైతే 2,700. గ్లాసుకు 350 రూపాయలు. తొమ్మిది లక్షల పైమాట. దీన్ని మోరీల పొయ్యమంటున్నడు సార్ మీ శిష్యుడు.

అల్లుడు: అది అమ్మితే వచ్చే పైసలు మామా. పారబోస్తే పోయే పైసలు వేరే. మాల్ట్ 190 కిలోలు, హాప్స్ రెండున్నర కిలోలు, నీళ్లు, కరెంటు, గ్యాసు. అన్ని కలిపి 50 వేలకు అటుఇటు. నిజంగ పోయింది ఇంకోటుంది. 24 రోజులు. ఈ ట్యాంకు 24 రోజులు పనికిరాని దానికి నిండి ఉన్నది. మనం అమ్మేది బీరే గని, మన దగ్గర కొలతకు ఉన్నది ట్యాంకు రోజులే. మాల్ట్ ఇంకింత కొనుక్కోవచ్చు, రోజులు ఎక్కడ కొంటం?

మామ: నేను చెప్పేదీ అదే. ఆ 24 రోజులకు కిరాయి కట్టింది నేను. లైసెన్సు ఫీజు సాలుకోసారి, అమ్మినా అమ్మకున్నా. బ్యాంకోడు ఐదో తారీకు కోసం కూసుంటడు. మాల్ట్ మీద, స్టీలు ట్యాంకుల మీద జీఎస్టీ కట్టి కొన్నం. బీరేమో జీఎస్టీల లేదాయె, దాని మీద రాష్ట్రం పన్ను. ఇక్కడ కట్టింది అక్కడ తగ్గించుకుందామంటే వీల్లేదు. కాచిన జాగల్నే పొయ్యాలె, సీసల పోసి ఇంకో దుకాణంల పెట్టుకోనియ్యరు. వాన పడి గిరాకీ రాకుంటే ఆ రోజు పోయినట్టే.

అల్లుడు: నువ్వు చెప్పింది అబద్ధమని నేననను.

మామ: 2025 జనవరిల కింగ్‌ఫిషర్ కంపెనీ ఏం చేసింది? ధర పెంచుతలేరు, బకాయిలు ఇస్తలేరని మన రాష్ట్రానికి సరఫరా ఆపేసింది. ఫిబ్రవరిల 15 శాతం పెరిగింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి ఆపగలిగింది. మనం వారం రోజులు ఆపితే పోరగాళ్ల జీతాలే ఎల్లవు. బిరా సంగతి తెల్సు కదా. కంపెనీ పేరుల నుంచి "ప్రైవేట్" అన్న ఒక్క మాట తీసిండ్రు, షేర్ మార్కెట్ల దిగుదామని. పేరు మారింది కాబట్టి ప్రతి రాష్ట్రంల లేబుల్ మళ్ల రిజిస్టర్ చేయించాలన్నరు. నెలల తరబడి అమ్మకం నిలిచింది, 80 కోట్ల సరుకు లెక్కల కొట్టేసిండ్రు. 2023-24ల వాళ్లకు వచ్చిన ఆదాయం 638 కోట్లు, నష్టం 748 కోట్లు. బీరు చెడిపోయి వచ్చిన నష్టమా అది? ఈ ధందాల మనిషిని ముంచేది బీరు ఒక్కటే కాదు. అందుకే చేతిల ఉన్న తొమ్మిది లక్షలు వదులుకోవద్దంటున్న.

ఈ మాట దగ్గర అల్లుడు కాసేపు ఊరుకున్నాడు. ఊరుకోవలసిన మాటే అది. చిన్న బ్రూవరీ గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్లు హాప్స్ రకాల గురించి గంటసేపు చెబుతారు కానీ, మామ చెప్పిన ఈ పన్నుల లెక్కను తలచుకోరు. తలచుకోకుండా ట్యాంకులు కొన్నవాళ్లు ఆ ట్యాంకుల్ని సగం ధరకు అమ్ముకుంటారు.

ఈలోగా ఒక చిన్న పరీక్ష పెట్టాం. ట్యాంకులోంచి రెండు గ్లాసులు పట్టి, ఒకదాన్ని మూతపెట్టి 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచాం, రెండోదాన్ని అట్లాగే వదిలేశాం. అరగంట తర్వాత రెండూ చల్లార్చి వాసన చూడాలి. ఎందుకో అల్లుడే మామకు చెప్పాడు.

అల్లుడు: ఈ వెన్న వాసన పేరు డయాసిటైల్. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు ఒక పదార్థం బయటికి వదుల్తది. అది మెల్లగ డయాసిటైల్ అయితది. ఈస్ట్ ఆకలి మీద ఉంటే తనే దాన్ని మళ్ల తీసుకొని వాసన లేకుండ చేస్తది. దానికి రెండు మూడు రోజులు కొంచెం వెచ్చగ, 16 డిగ్రీల దగ్గర ఉంచాలె. తొందరపడి సల్లగ చేసేస్తే ఈస్ట్ పండుకుంటది, వాసన బీరులనే ఉండిపోతది. లీటరుల మిల్లీగ్రాములో పదో వంతు ఉంటే చాలు, ముక్కుకు తెలుస్తది. ఈ 1,000 లీటర్ల ట్యాంకు పాడుకావడానికి గ్రాములో పదో వంతు.

మామ: గంత సన్నపుదాన్ని గిరాకీ ఎవరు కనిపెడ్తరురా? వచ్చేటోళ్లు సాఫ్ట్‌వేర్ పిల్లలు. చికెన్ వింగ్స్ తింటరు, మ్యాచ్ చూస్తరు. పది మందిల ఆరుగురు గోధుమ బీరే అడుగుతరు. వెన్న వాసన బాగుందని మెచ్చుకునేటోడు కూడా ఉంటడు.

అల్లుడు: పేరు కనిపెట్టరు. కంప్లైంటు కూడా చెయ్యరు. రెండో గ్లాసు చెప్పరు, అంతే. మనకు మిగిలేది ఎక్కడ మామా? మొదటి గ్లాసుల కిరాయి, కరెంటు, జీతం పోతది. రెండో గ్లాసుల మనం బతుకుతం. వెన్న వాసన ఉన్న బీరు మొదటి నాలుగు గుటకలు బాగనే అనిపిస్తది. గ్లాసు సగమయ్యేసరికి నాలుక మీద జిడ్డు పూసినట్టయితది. వాడు ఫోన్ చూసుకుంట కూసుంటడు, బిల్లు తెమ్మంటడు. వచ్చే శుక్రవారం ఇంకో చోటికి పోతడు. ఆ పోయినోన్ని నీ పుస్తకంల ఏ లైన్ల రాస్తవ్?

మామ: నువ్వు చదువుకున్నోనివి. ఒక్కటడుగుత. మీ తాత ఈత కల్లు దించేటోడు. పొద్దుగాల దించినప్పుడు తీపి, పది గంటలకు ఒక తీరు, పొద్దుమీకి పులుపు. ఎన్నడన్న పారబోసిండా? కల్లంటేనే గడియ గడియకు మారుతది. మారింది కాబట్టే జనం తాగిండ్రు. మన ఇంటి మూలం అది. నువ్వేమో ప్రతి గ్లాసు ఒక్కతీరే ఉండాలంటవ్.

అల్లుడు: తాత దగ్గర నేను చూసింది చెప్త. చెట్టు ఎక్కే ముందు లొట్టి కడుగుతుండె. లోపల చెయ్యి పెట్టి, ఇసుక వేసి రుద్ది, ఎండకు బోర్లిస్తుండె. ఒకనాడు నేను అడిగిన, రేపు మళ్ల పులుస్తది కదా ఎందుకు తాతా ఇంత రుద్దుడు అని. నిన్నటి పులుపు ఇయ్యాల్టి కల్లుకు అంటొద్దురా అన్నడు. తాత పొద్దుమీకి కల్లును పొద్దుగాల కల్లని చెప్పి అమ్మలే మామా. అడిగినోనికి పుల్లగున్నదని చెప్పి పోసిండు. గిరాకీ చెట్ల కంటే ఎక్కువైనంక ఏమైంది? నీళ్లల్ల క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపి కల్లని అమ్మిండ్రు. మనుషులు పోయిండ్రు. అది మొదలైంది కూడా లెక్క కాడనే. ఉన్నదానికంటే ఎక్కువ అమ్మాలె అన్న కాడనే.

మామ: దాన్ని దీన్ని కలపకు. నేను మందు కలుపుమంటలేను.

అల్లుడు: అనవు. నాకు తెల్సు.

అరగంట అయింది. రెండు గ్లాసులూ చల్లార్చి మామ చేతికే ఇచ్చాను. వేడిచేసిన దాంట్లో మాత్రమే వెన్న వాసన ఎక్కువైతే, బీరు ఇంకా పని పూర్తి కాక కూర్చుందని అర్థం. ట్యాంకును వెచ్చబెట్టి, చురుగ్గా పులుస్తున్న కొత్త ఈస్ట్ కొంత కలిపితే బాగయ్యే అవకాశం ఉంటుంది. మామ రెండూ వాసన చూశాడు, మళ్లీ చూశాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి, రెండూ గాఢంగా ఉన్నాయి. పైగా వేడిచేయని గ్లాసు రుచి చూస్తే నాలుక పక్కల సన్నని పులుపు. పిల్స్‌నర్‌కు ఆ పులుపు ఉండకూడదు. ఇది ఈస్ట్ బద్ధకం కాకపోవచ్చని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మామ: సార్, ఒకటి సూటిగ చెప్పుండ్రి. ఇది తాగితే మనిషికి ఏమన్న అయితదా?

నేను: ఏమీ కాదు. హాప్స్ చేదు, ఆల్కహాలు, ఆమ్లత్వం, ఆక్సిజన్ లేకపోవడం, ఈ నాలుగింటి మధ్య మనిషికి జబ్బు తెచ్చే క్రిమి బీరులో బతకడం కష్టం. అందులో బతికేవి బీరును చెడగొడతాయి, మనిషిని కాదు.

మామ: మరింక పారబోసుడెందుకు? విషం కాదాయె, కల్తీ కాదాయె. నారింజ తొక్క, ధనియాలు వేసి బెల్జియం తీరు అని బోర్డు రాస్తే వారంల అయిపోతది. అమెరికాల శాన్‌ఫ్రాన్సిస్కోల యాంకర్ బ్రూవరీ అని నువ్వే చెప్పినవ్. 1965ల మేటాగ్ అనేటాయన కొన్నడు, దాన్ని కడిగి, తుడిచి, గొప్ప బీరు చేసిండు, ఆయన్ని చూసి దేశమంత చిన్న బ్రూవరీలు పెట్టిండ్రు. చివరికేమైంది? 2017ల జపాన్ కంపెనీ సపోరో చేతికి పోయింది, 2023ల మూతపడ్డది. 1896ల పుట్టిన బ్రూవరీ. మంచి బీరు కాపాడిందా?

అల్లుడు: కాపాడలే. మంచి బీరు ఒక్కటే కాపాడదు, అది ఒప్పుకుంట. కానీ మేటాగ్ కొన్నప్పుడు అది ఎందుకు మూతకొచ్చింది? బీరు పులిసి వస్తుండె, దుకాణపోళ్లు వాపసు పంపుతుండిరి. ఆయన చేసిన మొదటి పని కొత్త రకాలు కనిపెట్టుడు కాదు, గిన్నెలు కడుగుడు. ఆ కడుగుడుతోటి ఇంకో యాభై ఏండ్లు బతికింది. ఇప్పుడు ష్లిట్జ్ సంగతి విను. మిల్వాకీ బ్రూవరీ, అమెరికాల ఒకప్పుడు అందరికంటే పెద్దది, 1970లల్ల కూడా రెండో జాగ. వాళ్లకూ నీలాంటి లెక్కే వచ్చింది, ట్యాంకు రోజులు తగ్గిద్దామని. పులియబెట్టే రోజులు కుదించిండ్రు, మాల్ట్ కొంత తీసేసి మొక్కజొన్న పాకం పోసిండ్రు. మడ్డి కనబడకుండ ఒకటి, నురగ నిలబడేందుకు ఇంకోటి కలిపిండ్రు. ఆ రెండు సీసల ఒకదాన్నొకటి పట్టుకొని తెల్లటి పొరల లెక్క తేలినయ్. 1976ల కోటి దాకా సీసలు, డబ్బాలు వాపసు తీసుకొని పగలగొట్టవలసి వచ్చింది. 1982ల కంపెనీనే అమ్ముకున్నరు. దానికి జబ్బు తెచ్చింది బ్యాక్టీరియా కాదు, లెక్క.

మామ: లెక్కను తప్పు పట్టుడు అల్కగనే ఉంటది. నీ దిక్కు కూడా చూద్దాం. ఎనిమిది ట్యాపులు పెట్టినవ్. మూడే నడుస్తయ్. ఆ నల్ల బీరు, స్టౌట్, ఎన్ని దినాల సంది ఉన్నది?

అల్లుడు: ...యాభై.

మామ: యాభై దినాలు. రోజుకు ఆరు గ్లాసులు పోతది. మొన్న నేనే తాగిన, తడిసిన అట్టపెట్టె నమిలినట్టుండె. ఎర్రది, చేదుది, మామిడిపండుది, ఒక్కొక్కటి ఒక్కో ట్యాంకు ఆపుతది. జర్మనీ మాల్ట్, అమెరికా హాప్స్, విప్పిన ప్యాకెట్లు ఫ్రిజ్‌ల అట్లనే పడి ఉన్నయ్. ట్యాపు పైపులు రెండు వారాలకోసారి కడగాలని నువ్వే గోడకు కాగితం అంటించినవ్. కిందటి నెల ఒక్కసారి కడిగిండ్రు. నీ నాణ్యత ట్యాంకు కాడ మొదలై ట్యాంకు కాడనే ఆగిపోతది. గ్లాసు దాకా వస్తలేదు. తాగేటోడు ట్యాంకు తాగడు కదరా.

ఈ వాదనలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట ఇదే. కాచేవాడు తన బీరును తాను ట్యాంకు దగ్గర నిలబడి తాగుతాడు, అది ఎప్పుడూ బాగుంటుంది. తాగేవాడికి అది పదిహేను గజాల పైపు దాటి, కడిగీ కడగని ట్యాపులోంచి వస్తుంది. ఆ పైపు లోపల ఏమి పెరుగుతోందో అడిగే యజమాని దొరకడం అదృష్టం. అల్లుడు కాగితం వైపు చూశాడు. దాని మీద తేదీల గడులు ఖాళీగా ఉన్నాయి.

అల్లుడు: అది నా తప్పు. మనుషులు చాలలేదనుడు సాకు. రకాలు తగ్గిస్త.

మామ: ఎన్ని?

అల్లుడు: మూడు. గోధుమది రెండు ట్యాంకులల్ల, ఒకటి ఈ పిల్స్‌నర్ లెక్క లాగర్, ఒకటి కాలాన్ని బట్టి.

మామ: లాగరే ఎందుకు? ఒక లాగర్ కాచే కాలంల గోధుమ బీరు రెండుసార్లు వస్తది.

అల్లుడు: లాగర్‌ల దాచుకోవడానికేం ఉండదు మామా. గోధుమ బీరుకు అరటిపండు వాసన, లవంగం వాసన ఉంటయ్, చిన్న తప్పు వాటి కింద పోతది. పిల్స్‌నర్‌ల నీళ్లు మారినా తెలుస్తది. ఎండాకాలం మంజీరా నీళ్లు బందై ట్యాంకర్ తెప్పిస్తం కదా, ఆ బోరు నీళ్ల సున్నం ఆర్వో సరిగ పనిచెయ్యకుంటే మొదట చెప్పేది ఇదే. మన పని ఎట్ల ఉందో చెప్పే బీరు ఒక్కటన్న ఉండాలె.

మామ జవాబు ఇవ్వలేదు. నాకు స్లైడు సిద్ధమైంది. ట్యాంకు అడుగు నుంచి తీసిన బీరును తిప్పి, తేరిన మడ్డిని ఒక చుక్క పెట్టి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూశాను. ఈస్ట్ కణాలు పెద్దపెద్ద కోడిగుడ్లలా, కొన్ని ముడుతలు పడి. వాటి మధ్య చిన్న చుక్కలు. ఒంటరి చుక్కలు కావు, రెండూ రెండూ జతకట్టి నాలుగేసి, చతురస్రంగా, మూలకొకటి పెట్టినట్టు. ఒక చోట, మరో చోట, మళ్లీ ఇంకో చోట. పెడియోకాకస్. ప్లేటు మీద పెంచి రూఢి చేసుకోవడానికి వారం పడుతుంది కానీ, ముక్కు, నాలుక, కన్ను మూడూ ఒకే మాట చెప్పాయి. ఇది డయాసిటైల్‌ను తయారు చేస్తూనే ఉంటుంది, ఈస్ట్ తిన్నంత మళ్లీ చేస్తుంది. తర్వాత పులుపు పెంచుతుంది. కొన్ని రకాలైతే బీరును తీగపాకంలా సాగేట్టు చేస్తాయి.

ఇద్దర్నీ పిలిచి చూపించాను. మామ కళ్లద్దాలు తీసి, చాలాసేపు వంగి చూశాడు.

నాకు ఈ శాస్త్రం అంటే ఇష్టం మొదలైంది ఇక్కడే, చెడిపోయిన బీరు దగ్గరే. పాశ్చర్ 1876లో బీరు గురించి ఒక పుస్తకమే రాశాడు. కోపెన్‌హాగెన్ కార్ల్స్‌బర్గ్‌లో బీరు పాడవుతుంటే ఎమిల్ హాన్సెన్ 1883లో ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపాడు. ఆ కంపెనీ యజమాని యాకోబ్సెన్ దాన్ని దాచుకోకుండా ఇతర బ్రూవరీలకూ ఇచ్చేశాడు. తరగతిలో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు ఆశ్చర్యపోయేవారు. అంత పాతది ఈ సమస్య. పెద్ద కంపెనీల ల్యాబులకూ తప్పలేదు. షికాగో గూస్ ఐలండ్ అప్పటికే ప్రపంచంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ చేతిలో ఉన్నా, 2015లో సీసాల్లో పోసిన ఖరీదైన స్టౌట్‌లో కొంత పులిసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

మామ: ఇవి ఎక్కడికెల్లి వచ్చినయ్?

అల్లుడు: రెండు దారులు. ఒకటి నాది, ఒకటి నీది.

మామ: నాది చెప్పు ముందు.

అల్లుడు: కిందటి నెల శుక్రవారం రాత్రి ఈ ట్యాంకు ఖాళీ అయింది. శనివారం పొద్దుగాలనే మళ్ల కాచాలన్నవ్. పోరగాళ్లు గ్యాసు బయటికి పోనియ్యకుండనే కాస్టిక్ సోడా పంపు పెట్టిండ్రు. ట్యాంకు నిండ పులిసినప్పుడు వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఉన్నది. కాస్టిక్ దాన్ని పీల్చుకొని చాకలి సోడా అయిపోతది. ఇగ అది ఏం కడుగుతది? గంటసేపు తిరిగింది, శబ్దం వచ్చింది, కడిగినమనుకున్నరు. అదొక్కటే కాదు మామా. గ్యాసంత కాస్టిక్ తాగేస్తే ట్యాంకుల గాలి ఉండదు, బయటి గాలి నొక్కి స్టీలు ట్యాంకును చేత్తో నలిపిన కూల్‌డ్రింకు డబ్బా లెక్క చేస్తది. పై వాల్వు తెరిచి ఉండబట్టి బచాయించింది. లేకుంటే ఒక్క ట్యాంకు కాదు, పక్కన నిలబడ్డ పోరడు కూడా.

మామ ముఖం మారింది. లక్షల మాట ఎత్తినప్పుడు మారని ముఖం ఇప్పుడు మారింది.

మామ: ఇది నాకెవ్వరు చెప్పలే.

అల్లుడు: నేను చెప్పాలె. చెప్పలే. రెండో దారి నాదే. ఈస్ట్. ఒక బ్యాచ్ అడుగు నుంచి తీసి ఇంకో బ్యాచ్‌కు వేస్తం కదా, ఇది 14వ తరం. పది దాటకుండ ఆపెయ్యాలని నాకు తెల్సు. లాగర్‌కు కొత్తది కొనాలంటే కిలో పైన పొడి ఈస్ట్ కావాలె, బయటి దేశం సరుకు. నువ్వు ఖర్చంటవని నేనే ఆగిన. ప్రతిసారి వేసే ముందు మైక్రోస్కోపుల చూడాలె, మూడు తరాల సంది చూడలే. రేపు ఇదే ఈస్ట్ రెండో ట్యాంకుల వెయ్యాలని తీసిపెట్టిన.

మామ: పారబొయ్యి. అది ముందు పారబొయ్యి.

అల్లుడు: మరి ఇది?

మామ: ఆగు. ఇది ట్యాపుకు పోవాలంటే ఏ పైపుల నుంచి పోతది?

అల్లుడు: అన్ని బీర్లు పోయే పైపే. కెగ్‌లు నింపేదీ అదే.

మామ: అంటే నేను తొమ్మిది లక్షలు చేద్దామని ఇది పంపితే, గోధుమ బీరు రెండు ట్యాంకులకు అంటుకుంటది.

అల్లుడు: అంటుకోవచ్చు. అంటుకోకపోవచ్చు కూడా. కానీ పంపినంక ఆపలేం.

మామ కుర్చీ ఒకటి దించుకుని కూర్చున్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. 2,700 గ్లాసుల లెక్క కింద గీత గీసి, పక్కన ఇంకో మూడు ట్యాంకుల లెక్క రాశాడు. నీతి చెప్పి ఆయన్ని ఒప్పించలేకపోయాం, ఒప్పించనవసరం లేకపోయింది. ఆయన లెక్క ఇంకో రెండు అడుగులు ముందుకు వేస్తే అల్లుడు నిలబడ్డ చోటికే వచ్చింది. నా తీర్పు అడిగితే ఇదే చెబుతాను. బీరు విషయంలో అల్లుడిది న్యాయం, రకాల విషయంలో, పైపుల విషయంలో మామది న్యాయం. ఇద్దరూ ఈ మాటలు నెల రోజుల ముందు మాట్లాడుకుని ఉంటే నాలుగో ట్యాంకు దక్కేది.

మామ: సరే. పారబోద్దాం. కానీ రాసుకో. రెండు బ్యాచ్‌ల నడుమ ఒక దినం ట్యాంకు ఖాళీగ ఉంటది, కడగడానికి. ఆ దినం కిరాయి నేను లెక్కల వేసుకుంట, నువ్వు అడగొద్దు, నేను అడగ. ఈస్ట్ ఎనిమిదో తరం కాడ మారుస్తవ్. ట్యాపు పైపులు కడిగిన తారీకు కింద నీ సంతకం కాదు, నా సంతకం ఉంటది.

అల్లుడు: నువ్వు పక్కన నిలబడి చూస్తేనే సంతకం పెట్టాలె.

మామ: చూస్తనే పెడ్త.

పారబోయడం కూడా తేలిక కాదు. ఎక్సైజ్ వాళ్లకు తెలియజేసి, రిజిస్టరులో ఎక్కించాకే వాల్వు తిప్పాలి. 1,000 లీటర్లు ఒక్కసారి వదిలితే, అందులోని చక్కెరలు, ఆల్కహాలు, ఈస్ట్ తినలేక బిల్డింగు మురుగునీటి ప్లాంటులోని సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. రోజుకు కొంత చొప్పున, నీళ్లు కలిపి వదలాలి. నేను బయల్దేరే ముందు అల్లుడు ట్యాంకు అడుగు వాల్వు విప్పి రబ్బరు గాస్కెట్ తీసి బల్ల మీద పెట్టాడు. గాజు పలక మీద దాన్ని వంచితే లోపలి అంచున వెంట్రుకంత చీలిక కనిపించింది. గోరుతో గీరితే తెల్లటి జిడ్డు వచ్చింది. మామ దాన్ని వాసన చూసి, ఏమీ అనకుండా అల్లుడి చేతిలో పెట్టాడు.

ఇది చదివేవారిలో ఇలాంటి చోటికి వెళ్లే అలవాటున్నవాళ్లు ఉంటే వాళ్లకొక మాట. గ్లాసులో వెన్న వాసన వస్తే, పిల్స్‌నర్ పుల్లగా ఉంటే, నల్ల బీరు తడి అట్టలా ఉంటే, మొహమాటపడి సగం వదిలేసి బిల్లు కట్టి వెళ్లిపోకండి. కాచేవాణ్ని పిలిపించి, ఆ గ్లాసు అతని చేతికిచ్చి వాసన చూడమనండి.